1121 విత్తనం వేస్తే బాస్మతి అవుతుందా? మన దగ్గర పొడుగు గింజ ఎప్పుడు నారు పోయాలి, ఎప్పుడు కోయాలి?

టెక్కలి శివారు ఆయకట్టు – 2025 జూన్ 19

అందరికీ నమస్కారం. మాది వంశధార ఎడమ కాలువ చివర, టెక్కలి దగ్గర పల్లె. నాలుగున్నర ఎకరాలు. రెండేళ్ల కిందటి వరకు నాన్నే చూసుకునేవాడు. మోకాళ్లు పట్టేసి గట్టు మీద నడవలేకపోతున్నాడు. విశాఖలో ఉద్యోగం మానేసి నేను వచ్చేశాను.

పోయినేడు నాన్న చెప్పినట్టే మొత్తం స్వర్ణ రకం వరి వేశాం. పంట బాగానే వచ్చింది. అమ్మేటప్పుడే ఏడుపు వచ్చింది. మిల్లు దగ్గర గుప్పెడు ధాన్యం తీసి, అక్కడే చిన్న మిషన్‌లో ఆడించి, నూక చూపించి బస్తాకు రెండు కిలోలు తగ్గించుకున్నారు. మా ధాన్యంలో అంత నూక ఎందుకొచ్చిందో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు.

ఈ ఏడాది రెండెకరాల్లో పొడుగు గింజ వేద్దామని ఉంది. విత్తనాల షాపులో అడిగితే "1121 ఉంది, బాస్మతి పేరు కూడా అదే కదా, ఎగుమతికి పోతుంది" అన్నారు. ఫోన్‌లో హర్యానా రైతుల వీడియోలు చూస్తే వాళ్లూ 1121 అనే అంటున్నారు. వాళ్లు సెప్టెంబర్‌లోనే కోసేస్తున్నట్టు ఒక వీడియో, నవంబర్‌లో కోస్తున్నట్టు ఇంకో వీడియో.

నా ప్రశ్నలు ఇవి. ఈ 1121, ఆ 1121 ఒకటేనా? మా శివారుకు కాలువ నీళ్లు ఆగస్టు దాకా రావు, మరి నారు ఎప్పుడు పోయాలి? కాకినాడలో ఓడలు ఎక్కే కాలం చూసుకుని కోస్తే మంచి రేటు వస్తుందా? ఆకుమడికి (నారుమడికి) బోరు నీళ్లు ఉన్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

---

నారాయణపురం కాలువ రైతు – జూన్ 19

అమ్మా, ముందు ఆ విత్తనం కొనకుండా ఆగు. షాపులో ఉన్నది ఎంటీయూ 1121. మన మార్టేరు పరిశోధన స్థానం రకం, శ్రీధృతి అంటారు. మంచి రకమే, నేనూ వేశాను. కానీ అది సన్నగింజ, పొడుగు గింజ కాదు. హర్యానా వాళ్లది పూసా 1121, ఢిల్లీలో తయారైన బాస్మతి. అంకె ఒకటే, చుట్టరికం ఏమీ లేదు. ఈ అంకె పొరపాటులో నాకు తెలిసినవాళ్లే ఇద్దరు పడ్డారు.

ఇంకో మాట. మనవాళ్లకు సన్నం, పొడుగు రెండూ ఒకటే అనిపిస్తాయి. సాంబమసూరి సన్నం, కానీ పొడుగు కాదు. గింజ ఆరు మిల్లీమీటర్లు దాటి, వెడల్పుకు మూడింతల పొడవు ఉంటేనే పొడుగు సన్నం అంటారు. మన నేలలో, మన వాతావరణంలో ఆ లెక్కకు వచ్చేవి ఐఆర్ 64, ఎంటీయూ 1010. రెండూ 120 రోజుల అటూఇటూ. కాకినాడ మీదుగా పోయే బియ్యంలో ఈ బాపతు గింజ చాలా ఉంటుంది.

బాస్మతి ఆశ మానుకో. వేస్తే మొక్క మొలవదని కాదు. పాలు పోసుకునే రోజుల్లో రాత్రులు చల్లబడితేనే ఆ వాసన నిలుస్తుంది. మనకు అక్టోబర్ రాత్రి కూడా ఫ్యాన్ వేసుకునే పడుకుంటాం. పైగా 2016లో బాస్మతికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. పంజాబ్, హర్యానా, ఢిల్లీ, హిమాచల్, ఉత్తరాఖండ్, జమ్మూలో కొంత, ఉత్తరప్రదేశ్ పడమటి వైపు పండిందే బాస్మతి. మన జిల్లాలో పండించి ఆ పేరుతో అమ్మలేం.

ఇక తేదీలు. ఇక్కడ కొంచెం నిదానంగా చదువు.

స్వర్ణకు 150 రోజులు కాబట్టి మీ నాన్న జూన్‌లో నారు పోసినా కోత నవంబర్‌కు పడేది. అదే అలవాటుతో 1010 కూడా జూన్ 20న పోశావనుకో, అక్టోబర్ 20కి చేను పండిపోయి నిలబడి ఉంటుంది. మన జిల్లాల్లో పండిన చేను అక్టోబర్‌లో నిలబడటం ఎంత ప్రమాదమో నీకు చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11. తిత్లీ మీ పక్కనే పలాస వైపు తీరం దాటింది. ఆ ఏడాది మా చుట్టాల చేలు పొట్ట మీద ఉండి, గాలికి రాసుకుని, ఈనిన వెన్ను తెల్లగా తాలైపోయింది. అందుకని తక్కువ రోజుల రకాన్ని ఆలస్యంగా మొదలుపెట్టాలి. మీ శివారుకు నీళ్లు ఆలస్యం కావడం ఈ ఒక్క విషయంలో నీకు కలిసొస్తుంది.

జూలై 20, 25 మధ్య నారు పొయ్యి. 25 రోజుల నారుతో ఆగస్టు రెండో పక్షంలో ఉభాలు, అంటే నాట్లు. అక్టోబర్ 20 తర్వాత పూత. నవంబర్ 20 ప్రాంతంలో కోత. ఇలా వేసినా తుఫాను రాదని నేను హామీ ఇవ్వలేను. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటితే ఇక్కడ మా పనల మీద వాన కురిసింది. ఏ తేదీ పెట్టుకున్నా ఒక భయం ఉంటుంది. నవంబర్ మూడో వారంలో ఆ భయం కొంచెం తక్కువని నా ముప్పై ఏళ్ల లెక్క.

పల్లపు మడిలో మాత్రం 1010 వద్దు. పొట్టి రకం, మునిగిపోతుంది. నీళ్లు నిలిచే చోట ఎంటీయూ 1061 గానీ 1064 గానీ వేసుకో. పొడుగు గింజ మెరక మడికే.

ఇప్పుడు నీ నూక సంగతి. నువ్వు రాసిన దాన్లో అసలు విషయం ఇదే అనిపించింది నాకు. మిల్లువాడు రెండు కిలోలు తగ్గించాడని నీకు కోపం ఉంది, ఉండాలి కూడా. కానీ నూక మిల్లులో పుట్టదమ్మా. చాలావరకు మన చేలోనూ మన కల్లంలోనూ పుడుతుంది.

చేను పండి, గింజ ఎండి, తేమ 15, 16 శాతానికి దిగాక మంచు పడితే ఏమవుతుందో తెలుసా? రాత్రి మంచు పీల్చుకుని గింజ పైపొర ఉబ్బుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది. పొద్దున్న ఎండకు మళ్లీ ముడుచుకుంటుంది. నాలుగు రోజులు ఇలా జరిగితే ఊకలోపలే గింజకు అడ్డంగా బీట పడుతుంది. బయటికి ధాన్యం బంగారంలా కనపడుతుంది. మరలో పడగానే రెండు ముక్కలు. పొట్టి గింజ కొంత తట్టుకుంటుంది, పొడుగు గింజ సన్నగా ఉంటుంది కాబట్టి ముందు అదే విరుగుతుంది. మీరు పోయినేడు మిషన్ దొరక్క ఆగారా? ఆగితే జవాబు అక్కడే ఉంది.

చూసే పద్ధతి చెప్తాను. వంద గింజలు లెక్కపెట్టి చేత్తో ఊక తియ్యి. గోళ్లు నొప్పెడతాయి, గంట పడుతుంది, అయినా తియ్యి. చీకటి గదిలో ఫోన్ టార్చి వెలిగించి, అద్దం మీద గింజలు పెట్టి కింద నుంచి వెలుగు పడనియ్యి. బాగున్న గింజ మొత్తం ఒకే రంగులో మెరుస్తుంది. బీట పడిన గింజలో నడుమ వెంట్రుక లాంటి గీత అడ్డంగా కనిపిస్తుంది. ఎన్నింటికి గీత ఉందో లెక్కపెట్టు. మిల్లుకు పోకముందే నీ ధాన్యం సంగతి నీకు తెలుస్తుంది.

వెన్నులో నూటికి ఎనభై గింజలు గడ్డిరంగు తిరగ్గానే కొయ్యి. సగం చేను పూసిన రోజు క్యాలెండర్‌లో గీసుకుని అక్కడి నుంచి 28, 30 రోజులు లెక్కపెట్టినా అదే రోజు వస్తుంది. అడుగు గింజలు ఇంకా పచ్చగా ఉన్నాయని ఆగకు. అప్పటికి తేమ 20 పైన ఉంటుంది, కొనుగోలు కేంద్రంలో 17 అడుగుతారు, కాబట్టి ఆరబెట్టాలి. ఆ ఆరబెట్టేది తారు రోడ్డు మీద వద్దు. మధ్యాహ్నం రోడ్డు కాలుతుంటే నీ గింజ కూడా కాలుతుంది. బరకం (టార్పాలిన్) మీద మూడు వేళ్ల మందం పోసి అరగంటకోసారి కాలితో దున్ను. సాయంత్రం నాలుగింటికే పోగు చేసి కప్పెయ్యి, మంచు తగలనివ్వకు. ఒక్క రోజులో ఎండిపోవాలని చూడకు, రెండు మూడు రోజులు పట్టనియ్యి.

తేమ మిషన్ లేకపోతే పొడి సీసాలో బాగా ఎండిన ఉప్పు కొంచెం, ధాన్యం కొంచెం వేసి గట్టిగా కుదుపు. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టు.

---

సోంపేట టు కర్నాల్ – జూన్ 20

అక్కా, మాది సోంపేట. ఆరేళ్లుగా కర్నాల్‌లో ఒక బియ్యం మిల్లు ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మీరు చూసిన రెండు వీడియోలూ నిజమే, రకాలు వేరు. సెప్టెంబర్‌లో కోసేది పూసా 1509. 2013లో వచ్చింది, 115 నుంచి 120 రోజులు. మండీకి, అంటే ఇక్కడి ధాన్యం మార్కెట్‌కు, ముందు దిగేది అదే. పూసా 1121కి 140 రోజులు దాటుతుంది. జూలైలో నాటితే అక్టోబర్ చివర, నవంబర్‌లో కోస్తారు. ఈ గింజ ఉడకకముందే ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. మొదటిసారి అరచేతిలో పోసుకుని చూసినప్పుడు సేమియా ముక్కలు అనుకున్నాను.

ఇక్కడ కోతకూ ఎగుమతికీ మధ్య చాలా నెలలు ఉంటాయి. కొత్త బాస్మతి అన్నం ముద్ద కడుతుంది, అందుకే మంచి సరుకును ఏడాది, ఇంకా ఎక్కువ కూడా గోడౌన్‌లో పాతబెడతారు. కొనే దేశాలకూ వాటి లెక్కలు ఉంటాయి. ఇరాన్ పెద్ద కొనుగోలుదారు. తన సొంత వరి కోతల కాలంలో దిగుమతులు ఆపే అలవాటు ఆ దేశానికి ఉంది. అది మళ్లీ తెరిచే వేళకు ఇక్కడ 1121 కొత్త పంట దిగుతుంటుంది. సరుకు ఎక్కువగా ముంద్రా, కాండ్లా రేవుల మీదుగా పోతుంది. అంటే ఓడ కోసం ఎదురుచూసే ఓపికా డబ్బూ మిల్లుకు ఉంటాయి. ఇక్కడి రైతు కూడా కోసిన రోజో మర్నాడో మండీలో అమ్మేసి ఇంటికి పోతాడు.

బాబాయ్ గారు చెప్పిన బీటల పరీక్ష మా ల్యాబ్‌లోనూ అద్దం కింద లైటు పెట్టే చేస్తాం. ఆయన చెప్పింది చదివి ఊరు గుర్తొచ్చింది.

---

బొబ్బిలి, ప్రస్తుతం కాకినాడ – జూన్ 20

నేను కాకినాడ యాంకరేజ్ రేవులో సరుకు తనిఖీ పని చేస్తాను. ఓడల కాలం అని అడిగారు కదా మేడమ్. యాంకరేజ్‌లో ఓడ గట్టుకు రాదు, సముద్రంలోనే లంగరేస్తుంది. బస్తాలు బార్జీల్లో వెళ్తాయి. బియ్యం కాబట్టి నాలుగు చినుకులు పడితే చాలు, హేచ్‌లు (ఓడలో సరుకు గదుల మూతలు) మూసేస్తారు, లోడింగ్ ఆగిపోతుంది. అక్టోబర్, నవంబర్‌లో వానల వల్ల ఓడలు రోజుల తరబడి అలాగే నిలబడతాయి. అప్పుడు లారీలూ ఆగుతాయి, మిల్లులూ కొనడం తగ్గిస్తాయి. ఈ మాట మీకు కొంచెం పనికొస్తుంది. అంతకు మించి ఓడను చూసి కోత పెట్టుకోకండి.

ఎందుకంటే ఓడ కంటే ముందు ఢిల్లీ ఉత్తర్వు ఉంటుంది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని రాత్రికి రాత్రి ఆపేశారు. మన ఊళ్లలో ఉభాలు వేస్తున్న రోజులవి. ఆ ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. మళ్లీ 2024 సెప్టెంబర్ 28న టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టి తెల్ల బియ్యాన్ని వదిలారు. అక్టోబర్‌లో ఆ కనీస ధర కూడా తీసేశారు, ఉప్పుడు బియ్యం సుంకం కూడా పోయింది. విత్తనం చల్లిన రోజు ఉన్న రూలు కోత నాటికి ఉంటుందని చెప్పలేం.

రేటు నిజంగా తేలేది నూక దగ్గర. మా దగ్గర 5 శాతం నూక, 25 శాతం నూక, పూర్తి నూక అని వేర్వేరు సరుకులు. ముప్పావు కంటే తక్కువ ఉన్న గింజను నూకగా లెక్కపెడతాం. శాంపిల్ పళ్లెంలో పోసి, పట్టకారుతో ఒక్కొక్క ముక్క ఏరి, తూకం వేస్తాం. పడమటి ఆఫ్రికాకు, బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ వైపు పోయేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని ఆవిరి పట్టినప్పుడు లోపలి బీటలు అతుక్కుంటాయి. అందుకే బీట పడిన ధాన్యాన్ని మిల్లులు ఉప్పుడుకు మళ్లిస్తాయి, మనకు మాత్రం పచ్చి బియ్యం నూక చూపించి రేటు కడతాయి. మిల్లులో బేరం ఆడేటప్పుడు "మీరు ఉప్పుడు ఆడతారా, పచ్చి ఆడతారా" అని ముందు అడగండి.

---

రాజాం కౌలు రైతు – జూన్ 20

పై మాటలన్నీ బాగున్నాయి. ఒక్క లెక్క కూడా చూసుకోండి. ఈ ఏడాది (2025-26) మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాకు 2369, ఏ గ్రేడ్‌కు 2389. తేడా 20 రూపాయలు. రైతు సేవా కేంద్రంలో ఇచ్చేదైతే పొడుగు గింజ కోసం ఇంత కష్టపడి లాభం లేదు. ఆ ధాన్యం ఆడించి ఇచ్చే పచ్చి బియ్యంలో 25 శాతం నూక దాకా ఒప్పుకుంటూ వచ్చారు, పొడవును అడిగేవాడే లేడు. ప్రైవేటుగా కొనేవాడిని ముందు చూసుకుని, నోటి మాట కాకుండా రేటు మాట్లాడుకుని అప్పుడు నారు పోయండి. నాలాంటి కౌలు వాడికైతే ఆరబెట్టుకునే చోటే దొరకదు.

---

టెక్కలి శివారు ఆయకట్టు – జూన్ 21

చాలా థాంక్స్ అందరికీ. 1121 కొనడం మానేశాను. బాబాయ్ గారూ, మీరు అడిగింది నిజమే. పోయినేడు మిషన్ కోసం పదమూడు రోజులు ఆగాం. చేను బాగా ఎండుతోంది, మంచిదే కదా అనుకున్నాను. నాన్నకు మీ జవాబు చదివి వినిపించాను. "మా అయ్య కొడవలి కోతలప్పుడు మంచు ఆరేదాకా చేలో దిగనిచ్చేవాడు కాదు, ఎందుకో నేను అడగలేదు" అన్నాడు.

ఒక సందేహం. కోతకు ముందు చేలో మినుము చల్లుతాం కదా. మిషన్ తిరిగితే మొలక నలిగిపోతుంది. తేదీ కచ్చితంగా తెలియకపోతే మినుము ఎప్పుడు చల్లాలి?

---

నారాయణపురం కాలువ రైతు – జూన్ 21

కోతకు రెండు రోజుల ముందు చల్లమ్మా, అంతకంటే ముందు వద్దు. విత్తనం మట్టిలో కూర్చుని, మొలక ఇంకా పైకి రాకముందే మిషన్ తిరిగి వెళ్లిపోవాలి. చల్లిన తర్వాత మిషన్ రాకపోతే రెండు పంటలూ పోతాయి. అందుకని పూత రోజు గీసుకున్నాక ఇరవయ్యో రోజునే మిషన్ వాడికి అడ్వాన్స్ ఇచ్చి తేదీ రాయించుకో. మీ ఊళ్లో నలుగురు కలిసి ఒకేసారి మాట్లాడితే వాడు తప్పించుకోడు. లేదంటే పొడుగు గింజ వేసిన రెండెకరాలు మనుషులతో కోయించు. ఖర్చు ఎక్కువే, రోజు మాత్రం నీ చేతిలో ఉంటుంది.

---

టెక్కలి శివారు ఆయకట్టు – 2025 నవంబర్ 29

ఐదు నెలల తర్వాత రాస్తున్నాను. జూలై 22న నారు పోశాను, ఆగస్టు 17న ఉభాలు, మెరక మడి ఎకరన్నరలో 1010. అక్టోబర్ 21కి సగం చేను పూసింది. అక్టోబర్ 28న మోంథా నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి నేనూ నాన్నా నిద్రపోలేదు. వాన పడింది. తూర్పు గట్టు వైపు కొంత వాలింది. మిగతాది నిలబడింది.

నవంబర్ 20న ఎకరం మనుషులతో కోయించాను, మంచు ఆరాక, తొమ్మిదిన్నరకు దించి. కూలీలు దొరక్క మిగిలిన అర ఎకరం వారం తర్వాత మిషన్‌తో కోశాం. రెండూ వేరువేరుగా ఆరబెట్టాను. నిన్న రాత్రి నాన్న ఊక తీశాడు, నేను టార్చి పెట్టాను. మొదట కోసిన దాంట్లో వందకు ఆరు గింజలకు గీత ఉంది. వారం ఆగిన దాంట్లో ఇరవై ఏడు. నాన్న నమ్మక ఇంకో వంద తీశాడు. ఇరవై తొమ్మిది.

మొదటి ఎకరం ధాన్యాన్ని పచ్చి బియ్యం ఆడే మిల్లుకు శాంపిల్ పంపాను, రేపు రమ్మన్నారు. ఆ అర ఎకరం ధాన్యం ఉప్పుడు మిల్లుకు వేసెయ్యమంటారా, తిండికి ఉంచుకోమంటారా?

---

నారాయణపురం కాలువ రైతు – నవంబర్ 29

తిండికి ఉంచకమ్మా, విరిగిన బియ్యం అన్నం జావవుతుంది. ఉప్పుడు మిల్లుకే వెయ్యి. రేపు మిల్లుకు వెళ్లేటప్పుడు ఆ ఆరు గింజల లెక్క నోటితో చెప్పకు. వంద గింజలు పొట్లం కట్టుకుని, అద్దం ముక్క కూడా పట్టుకెళ్లు. నాన్నను బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లు.